ఇటాలియన్ సాహిత్యం చదవడానికి వచ్చిన దేవరకొండ చెల్లెకు

దేవరకొండ అమ్మాయి, బొలోన్యా:

అక్కలకు, అన్నలకు నమస్కారం. గత వారమే బొలోన్యాకు వచ్చాను. ఇక్కడి యూనివర్సిటీలో ‘లెత్తెరె’లో, అంటే ఇటాలియన్ భాషా సాహిత్యాల మూడేళ్ల డిగ్రీలో చేరాను. నల్లగొండలో ఇంగ్లిష్ లిటరేచర్‌తో బీఏ అయింది. హైదరాబాద్‌లో ఇటాలియన్ నేర్చుకుని బీ2 సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. అయినా క్లాసులో కూర్చుంటే సగం తలకెక్కడం లేదు. పరీక్షలు చాలావరకు నోటితోనే చెప్పాలట. లాటిన్ కూడా చదవాలట. మా ఊరి మాటకే హైదరాబాద్‌లో నవ్వేవాళ్లు. ఇక ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని ఇటాలియన్‌లో మాట్లాడటమంటే తలుచుకుంటేనే టెన్షన్. పర్మిట్, స్కాలర్‌షిప్ పనులు ఇంకా మొదలుపెట్టలేదు. ఏది ముందు చూసుకోవాలి?

పాలమూరు అక్క, ఫ్లోరెన్స్:

చెల్లె, కాగితాల సంగతి ముందు చెప్పేస్తా, అది ఆగదు. దేశంలోకి వచ్చిన 8 పనిదినాల్లోపు ‘పెర్మెస్సో ది సొజ్జోర్నో’కు, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్‌కు, దరఖాస్తు పెట్టాలి. గత వారం వచ్చానంటున్నావు కాబట్టి రేపు పొద్దున్నే పోస్టాఫీసుకు వెళ్లు. అన్ని పోస్టాఫీసుల్లో ఆ పని జరగదు, ‘స్పోర్తెల్లో అమీకో’ అనే కౌంటర్ ఉన్నచోటికే పోవాలి. 16 యూరోల రెవెన్యూ స్టాంపు పొగాకు దుకాణంలో దొరుకుతుంది, ముందే కొని పెట్టుకో. కౌంటర్‌లో ఇచ్చే రసీదు, పోలీసు ఆఫీసులో వేలిముద్రలకు రమ్మన్న తేదీ ఉన్న కాగితం, ఈ రెండూ కార్డు చేతికొచ్చేదాకా భద్రం. కార్డుకు నెలలు పడుతుంది, దానికి గాబరా పడకు.

స్కాలర్‌షిప్ ఇచ్చేది యూనివర్సిటీ కాదు, రీజియన్, అంటే మన రాష్ట్రం లాంటిది. మీ దగ్గర దాన్ని ‘ఎర్‌గో’ అనే రీజియన్ సంస్థ చూస్తుంది. ఈ ఏడాది నోటీసు తెరిచి గడువులు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకో. డబ్బు వచ్చేసిందిలే అనుకోవడానికి లేదు. మామూలుగా మొదటి ఏడాది వాళ్లు ఆగస్టు 10 లోపు పరీక్షలు పాసై 20 క్రెడిట్లు తెచ్చుకోవాలి, లేకపోతే మిగతా సొమ్ముకు ఇబ్బంది వస్తుంది. అందుకే జనవరి, ఫిబ్రవరి పరీక్షలు వదిలేసి అన్నీ జూన్‌కు పెట్టుకోవద్దు.

ఇక అసలు సంగతి, నోటి పరీక్ష. మన దగ్గర మూడు గంటలు కూర్చుని అడిషనల్ షీట్లు కట్టి ఇస్తే అయిపోయేది. ఇక్కడ టేబుల్‌కు అటు ప్రొఫెసర్, ఇటు నువ్వు, మధ్యలో పుస్తకం. ఒక పేజీ తీసి ‘చదవండి’ అంటారు. చదివాక మామూలు వచనంలో అర్థం చెప్పమంటారు. ఆ తర్వాత ఛందస్సు, ఆ పద్యం ముందూ వెనకా ఏం జరిగింది, ఏ కవి ప్రభావం ఉంది, ఇట్లా ఒకదానిలోంచి ఒకటి లాగుతారు. మార్కులు 30కి, పాస్ 18. అక్కడికక్కడే చెప్పేస్తారు. తక్కువ వచ్చిందనిపిస్తే ఆ మార్కు వద్దని చెప్పి తర్వాతి విడతలో మళ్లీ కూర్చోవచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు, ఇటాలియన్ పిల్లలు కూడా చేస్తారు.

ఈ పరీక్షలు తలుపులు మూసి పెట్టరు, ఎవరైనా వెనక కూర్చుని వినవచ్చు. నీ వంతు రాకముందే, నీ సబ్జెక్టుకు ఎప్పుడు పరీక్ష జరిగినా వెళ్లి కూర్చో. ఏ ప్రశ్న ఎట్లా మొదలవుతుంది, పిల్లలు తెలియనప్పుడు ఏమంటున్నారు, ఏ ప్రొఫెసర్‌కు ఏ పేజీల మీద ప్రేమ, అన్నీ రాసుకో. ఏ గైడూ ఇంత చెప్పదు. ప్రొఫెసర్‌ను ‘లెయి’ అనే పిలవాలి, అది మన ‘మీరు’. ఆ అలవాటు మనకు పుట్టుకతో ఉంది కాబట్టి మాట తడబడినా మర్యాద తడబడదు.

నీ మాటకు నవ్వారన్నావు. ఆ బాధ నాకూ తెలుసు కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువే చెప్తా. ఎవరి మాటను భాష అనాలన్నది నువ్వు చదవబోయే సబ్జెక్టుకు నడుమన ఉన్న గొడవ. చదువుకున్నవాళ్లు లాటిన్‌లోనే రాయాలన్న కాలంలో ఫ్లోరెన్స్ కవి దాంతే జనం మాట్లాడే భాష వైపు నిలబడ్డాడు, తన పెద్ద కావ్యం ‘డివైన్ కామెడీ’ని అందులోనే రాశాడు. మన పాల్కురికి సోమనాథుడు జాను తెనుగు అని, ద్విపదలో బసవపురాణం రాసిన తెగువ గుర్తొస్తుంది నాకు. 1525లో బెంబో అనే పండితుడు పద్యానికి పెత్రార్కా, వచనానికి బొక్కాచ్చో, ఈ ఇద్దరు పాత రచయితలే నమూనా అని తేల్చాడు. అంటే అప్పటికే దాదాపు రెండు వందల ఏళ్ల కిందటి ఫ్లోరెన్స్ భాష. 1612లో ఫ్లోరెన్స్‌లోని భాషా సంస్థ క్రుస్కా అకాడమీ నిఘంటువు వేసింది. నవలాకారుడు మంజోని మిలాన్ మనిషి. 1827లో వచ్చిన తన నవల భాష తనకే నచ్చక, ఫ్లోరెన్స్‌లో చదువుకున్నవాళ్లు మాట్లాడే తీరుకు దిద్ది 1840 నుంచి మళ్లీ అచ్చు వేయించాడు. 1861లో దేశం ఒకటయ్యేనాటికి ఇటాలియన్ మాట్లాడగలిగినవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురే అని భాషా శాస్త్రవేత్త తుల్లియో దె మౌరో లెక్క కట్టాడు. కొందరు పండితులు అంతకంటే ఎక్కువే అంటారు, కానీ ఎటు చూసినా జనంలో అత్యధికులకు ఇంటి మాట వేరు, పుస్తకం మాట వేరు.

బడి పుస్తకంలో ఒక తెలుగు, ఇంట్లో ఒక తెలుగు మధ్య పెరిగిన మనకు ఈ పాఠం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. మంజోని ఎందుకు అంత కష్టపడ్డాడో, ఆ కష్టంలో ఏం పోగొట్టుకున్నాడో దేవరకొండ పిల్లకు తెలిసినంత లోతుగా చాలామందికి తెలియదు. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే మీ ఊరి సంగతితోనే మొదలుపెట్టు. నీ క్లాసులో నేపుల్స్ పిల్లలు, సిసిలీ పిల్లలు ఎవరి యాసలో వాళ్లు జవాబులు చెప్తారు చూడు.

మిర్యాలగూడ అన్న, పెరూజా:

అక్క చెప్పిన స్కాలర్‌షిప్ గురించి ఒక్క మాట. అమ్మానాన్నల ఆదాయం, ఆస్తి కాగితాలు మన దగ్గరి నుంచే రావాలి. తహసీల్దార్ ఇచ్చే ఆదాయ సర్టిఫికెట్‌కు మీసేవలో దరఖాస్తు పెట్టించు, తర్వాత అపోస్టిల్, అంటే కాగితం అసలుదేనని విదేశాలకు చెప్పే ముద్ర, వేయించి, ఇటాలియన్‌లోకి అనువాదం చేయించాలి. ఇంటి వైశాల్యం చదరపు మీటర్లలో అడుగుతారు, విదేశంలో ఉన్న ఇంటికి చదరపు మీటరుకు 500 యూరోల చొప్పున విలువ కడతారు. గజాల లెక్క పంపితే వెనక్కి వస్తుంది, ఒక గజం అంటే 0.836 చదరపు మీటరు. ఊళ్లో ఎవరో ఒకరు తిరగాల్సిన పని ఇది, ఇవాళే ఇంటికి ఫోన్ చెయ్.

లాటిన్‌కు భయపడకు. బడిలో లాటిన్ చదవని ఇటాలియన్ పిల్లలు కూడా చాలామంది ఉంటారు, వాళ్ల కోసం చాలా యూనివర్సిటీల్లో మొదటి నుంచి చెప్పే క్లాసులు ఉంటాయి. తెలుగులో విభక్తులు చదివిన బుర్రకు నామవాచకాల చివరలు మారడం వింత కాదు. అసలు కష్టం క్రియా రూపాలతో. రోజూ కొంచెం కొంచెం వల్లె వేయడమే, దగ్గరి దారి లేదు.

ఇంట్లో ‘బీఏ ఉండగా మళ్లీ డిగ్రీ ఎందుకు’ అంటారేమో. ఇటాలియన్ సాహిత్యంలో పీజీకి వెళ్లాలంటే ఆ సబ్జెక్టులో ముందే ఇన్ని క్రెడిట్లు ఉండాలని అడుగుతారు, మన ఇంగ్లిష్ బీఏలో అవి ఉండవు. అందుకే ఈ మూడేళ్లు వృథా కాదని నాన్నకు చెప్పు. తర్వాత విదేశీయులకు ఇటాలియన్ బోధించే దారి ఉంది, దానికి సియెనా విదేశీయుల యూనివర్సిటీ ‘దీతల్స్’ సర్టిఫికెట్ ఇస్తుంది. అనువాదం, టూరిజం ఉన్నాయి. పెద్ద జీతాలు వెంటనే వస్తాయని మాత్రం ఇంట్లో చెప్పి ఆశపెట్టవద్దు.

దేవరకొండ అమ్మాయి, బొలోన్యా:

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. నాన్నతో మాట్లాడాను, సోమవారం ఆఫీసుకు పోతానన్నారు. ఇంకొక్కటే. దాంతే చదువుతుంటే ప్రతి మాటకూ డిక్షనరీ తీయాల్సి వస్తోంది. తెలుగులో నోట్సు రాసుకోనా, ఇటాలియన్‌లోనా?

పాలమూరు అక్క, ఫ్లోరెన్స్:

నోట్సు ఇటాలియన్‌లోనే రాయి చెల్లె. పరీక్షలో నోటికి రావాల్సింది ఆ వాక్యాలే. తెలుగులో రాసుకుంటే అక్కడ కూర్చుని అనువాదం చేసుకోవాల్సి వస్తుంది, టైమ్ ఉండదు. అర్థం కాని చోట పక్కన పెన్సిల్‌తో తెలుగులో ఒక మాట రాసుకో, చాలు.

డిక్షనరీ తర్వాత, ముందు గట్టిగా చదువు. ఇటాలియన్ త, ద మన త, ద లాగే పళ్లకు తగులుతాయి. ఇంగ్లిష్ అలవాటుతో ట, డ పలకకు. ఒత్తులు మింగకు. ఇంగ్లిష్ వాళ్లు నానా తిప్పలు పడే చోటు అది. అక్క, అమ్మ అనే మనకు నొన్నొ అంటే తాత, నోనొ అంటే తొమ్మిదోది అని చెవికే తెలిసిపోతుంది.

ఇప్పుడు దాంతే కావ్యంలో మొదటి సర్గ రెండో పాదం తీసుకో: మి రిత్రొవయ్ పెర్ ఊన సెల్వ ఒస్కూర. పాదానికి 11 అక్షరాలు ఉండాలి. వేళ్ల మీద లెక్కపెడితే 12 వస్తాయి. ‘సెల్వ’ చివరి అచ్చు, ‘ఒస్కూర’ మొదటి అచ్చు రెండింటినీ కలిపి ఒకటిగా లెక్కిస్తే 11కు సరిపోతుంది. సంధి చేసి పద్యం చదివిన నోటికి అది ఒక్క పూటలో పట్టుబడుతుంది. ఊనిక ఎప్పుడూ పదో అక్షరం మీద పడుతుంది, ఇక్కడ ‘స్కూ’ దగ్గర. ప్రాస పాదం చివర చూడాలి, మనలాగా రెండో అక్షరంలో కాదు. మూడు పాదాల్లో నడిమి పాదం ప్రాస తర్వాతి మూడింటిలో మొదటికీ చివరికీ వస్తుంది, అట్లా గొలుసులా సర్గ చివరిదాకా సాగుతుంది. ఈ గొలుసు పట్టుకుంటే కంఠస్థం చేయడం కూడా సులువు.

రోజుకు ఇలాంటి మూడు పాదాల ముక్కలు పది. గట్టిగా చదువు, ఆ తర్వాత పుస్తకం మూసి ఇటాలియన్‌లో అర్థం చెప్పు, ఫోన్‌లో రికార్డు చేసి విను. మొదట్లో మీ రూమ్‌మేట్‌కు వింతగా ఉంటుంది, ముందే చెప్పి పెట్టు. ఇంకోటి, ప్రొఫెసర్ విద్యార్థులను కలిసే వేళలు డిపార్ట్‌మెంట్ పేజీలో ఉంటాయి. అక్టోబర్ దాటకముందే ఒకసారి వెళ్లి, ఏ సర్గలు తప్పనిసరో, ఏ వ్యాఖ్యానం కొనాలో అడుగు. జనవరి పరీక్షల్లో వెనక కూర్చుని విన్నాక నీకు కష్టమనిపించిన ప్రశ్నలు ఇక్కడ రాయి, అన్న, నేను కూర్చుని చూస్తాం.