ఆరెంజ్ జెర్సీ వేసుకొని వార్నర్‌కి చప్పట్లు కొట్టడం తప్పా?

ఉప్పల్_గ్యాలరీ
2023 ఏప్రిల్ 24 రాత్రి నుంచి నా మనసులో ఉన్న ప్రశ్న ఇది. ఆ రోజు హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో మన సన్‌రైజర్స్‌కీ ఢిల్లీకీ ఐపీఎల్ మ్యాచ్. ఢిల్లీ కెప్టెన్ వార్నర్, ఒకప్పుడు మన కెప్టెన్. మ్యాచ్‌కి ముందు అతను కనబడగానే మన బౌలర్ భువనేశ్వర్ ఎదురెళ్లి కాళ్లకు దండం పెట్టాడు, ఇద్దరూ నవ్వుతూ కౌగిలించుకున్నారు. మీలో చాలామంది ఆ వీడియో చూసే ఉంటారు. వార్నర్ బ్యాటింగ్‌కి వస్తుంటే నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. వెనక వరుసలో ఒకాయన భుజం తట్టి, "ఒంటి మీద జెర్సీ ఎవరిది, చప్పట్లు ఎవరికి?" అన్నాడు. కోపంగానే అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

కాసేపటికి వాషింగ్టన్ సుందర్ బౌలింగ్‌లో వార్నర్ 21 పరుగులకు అవుటయ్యాడు. సుందర్ అదే ఓవర్లో ఇంకో ఇద్దర్ని కూడా పడగొట్టాడు. అప్పుడు నేను గొంతు పోయేలా అరిచాను. 145 కొట్టలేక 7 పరుగుల తేడాతో ఓడిపోతే రాత్రంతా నిద్ర పట్టలేదు. అంటే నేను సన్‌రైజర్స్ మనిషిని కానట్టేనా?

2016లో 848 పరుగులు చేసి, బెంగళూరులో వాళ్ల సొంత గడ్డ మీద ఫైనల్లో 38 బంతుల్లో 69 కొట్టి కప్పు తెచ్చిన కెప్టెన్ అతను. 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేశారు, ఆ వెంటనే రాజస్థాన్‌తో మ్యాచ్‌లో జట్టులోంచే తప్పించారు. ఆ రోజు అతను తోటివాళ్లకి నీళ్లు మోశాడు. తర్వాత దుబాయ్‌లో గ్యాలరీలో కూర్చుని మన జెండానే ఊపాడు. అది చూశాక అతన్ని పరాయివాడు అనుకోవడం నా వల్ల కాలేదు. మీరేమంటారు?

ఆరెంజ్_2016
అన్నా, మీ బాధ అర్థమైంది గానీ ఒప్పుకోలేను. వెనక వరుసలో ఆయన అన్నది కరెక్టే. ఆ సాయంత్రం వార్నర్ పని మనల్ని ఓడించడం. ఓడించి వెళ్లాడు కూడా.

వార్నర్ లేకపోతే జట్టు లేదన్నట్టు మాట్లాడుతున్నారు. 2018లో అతనిపై నిషేధం పడి మొత్తం సీజన్ ఆడలేదు. కేన్ మామ (విలియమ్సన్) 735 పరుగులు చేసి మనల్ని ఫైనల్‌కి తీసుకెళ్లాడు. ఆ కేన్‌ని కూడా 2022 చివర్లో వదిలేశారు, రషీద్ అంతకుముందే గుజరాత్ వెళ్లిపోయాడు. కోచ్‌ల సంగతి చూడండి: టామ్ మూడీ పోయి ట్రెవర్ బేలిస్, ఆయన పోయి మళ్లీ మూడీ, తర్వాత లారా, ఆపైన వెటోరీ. ఇంతమంది మారినా 2024లో బెంగళూరు మీద 287 కొట్టినప్పుడు మన ఒళ్లు పులకరించింది కదా? ఆ రోజు ఆడినవాళ్లలో 2016 ఫైనల్ ఆడినవాళ్లు ఎంతమంది? నాకు గుర్తున్నంతవరకు భువీ ఒక్కడే.

మెగా వేలం వచ్చిందంటే జట్టు చెల్లాచెదురు అవుతుంది. 2022 సీజన్‌కి ముందు నలుగురికి మించి ఉంచుకోవడానికి రూల్సే ఒప్పుకోలేదు. మనవాళ్లు కేన్, సమద్, ఉమ్రాన్‌లను ఉంచుకున్నారు. అలాంటి చోట ఆటగాడి వెంట మనసు పెట్టుకుంటే మూడేళ్లకోసారి గుండె పగులుతుంది. జట్టు వెంట పెట్టుకుంటే నిలబడుతుంది.

పాత_ఛార్జర్
తమ్ముడూ, జట్టు వెంట పెట్టుకుంటే నిలబడుతుందని అంత ధైర్యంగా అనకు. మాది సన్‌రైజర్స్‌కి ముందున్న హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ తరం.

2008లో మేం అట్టడుగున ఉన్నాం. జట్టు కొనుగోళ్లకు డబ్బు మిగలాలని లక్ష్మణ్ మిగతావాళ్ల కంటే ఎక్కువ డబ్బు వచ్చే తన ఐకాన్ హోదానే వదులుకున్నాడు. అయినా ఆఖరి స్థానమే. మరుసటి ఏడు ఎన్నికల వల్ల టోర్నీ దక్షిణాఫ్రికాకి వెళ్లింది. సెమీస్‌లో ఢిల్లీ మీద గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టాడు. ఫైనల్లో అతనే సున్నాకి అవుట్. గిబ్స్ నిలబడి 53 చేశాడు, చివరి ఓవర్ ఆర్పీ సింగ్ వేశాడు, 6 పరుగులతో గెలిచాం. మా ఇంట్లో కరెంటు పోతే పక్క వీధిలో బంధువుల ఇంటికి పరిగెత్తి ఆ ఆఖరి ఓవర్ గుమ్మంలో నిలబడే చూశాను. చెప్పులు కూడా వేసుకోలేదు.

2011 వేలంలో గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కి, లక్ష్మణ్ కొచ్చికి, రోహిత్ ముంబైకి. నేను మీలాగే, "పోతే పోనీ, జట్టుంది కదా" అనుకున్నాను. 2012లో ఆ జట్టే రద్దయింది. ఆటగాళ్లు వెళ్తే జట్టు మిగులుతుందన్నారు, మరి జట్టే వెళ్లిపోతే నాకు మిగిలింది ఎవరు? ఆ ఎద్దు బొమ్మ టీషర్ట్ ఇప్పటికీ బీరువాలో ఉంది. దాన్ని చూస్తే నాకు గుర్తొచ్చేది యజమానులు కాదు, గిల్‌క్రిస్ట్. అందుకే ఉప్పల్_గ్యాలరీ గారికి నా ఓటు.

విశాఖ_స్వింగ్
ఇంకో కోణం కూడా చూడండి. 2025 ఏప్రిల్‌లో గుజరాత్ జెర్సీలో సిరాజ్ ఉప్పల్‌కి వచ్చి మన మీద 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. హైదరాబాద్ గల్లీల్లో పెరిగిన పిల్లాడు, మన జట్టులో ఆడి వెళ్లిపోయినవాడే. ఆ రోజు మా ఇంట్లో నాన్న సంబరపడ్డారు, నేను మౌనంగా కూర్చున్నాను. ఎవరిది తప్పు? ఇటు చూస్తే మా విశాఖ కుర్రాడు నితీశ్ రెడ్డి ఆడేది ఆరెంజ్ జెర్సీలో. అతను రేపు ఇంకో జట్టుకి వెళ్తే నేను అతని వైపే ఉంటానని ఇప్పుడే చెప్పేస్తున్నా. ఊరి అభిమానం ముందు కాంట్రాక్టు ఎంత?

ఆరెంజ్_2016
అలా అయితే ఉప్పల్‌కి చెన్నై వచ్చినప్పుడు గ్యాలరీ సగం పసుపు రంగైపోతే మనం ఏడవకూడదు అక్కా. వాళ్లూ ధోనీ కోసమే వస్తున్నారు. సొంత మైదానంలో సొంత జట్టుకి అరుపులు తక్కువైతే బౌండరీ దగ్గర నిలబడ్డ మనవాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి. నా టెన్షన్ అంతా అదే.

ఉప్పల్_గ్యాలరీ
తమ్ముడూ, ఆ మాట నాకూ తగిలింది. ధోనీ కోసం పసుపు వేసుకునేవాడు మనల్ని ఓడించమని వస్తాడు. నేను వార్నర్‌కి కొట్టింది ఒక్క నిమిషం చప్పట్లు, అదీ అతను మొదటి బంతి ఆడకముందు. రెండూ ఒకటి కావు.

అసలు నా కోపం వెళ్లినవాళ్ల మీద కాదు, పంపిన పద్ధతి మీద. తప్పించడానికి సరైన కారణం తనకు చెప్పలేదని వార్నర్ తర్వాత బయటే అన్నాడు. ఫామ్ పోతే తీసేయొచ్చు. కానీ కప్పు తెచ్చినవాడిని గ్యాలరీలో కూర్చోబెట్టి పంపితే, ఆ వీడ్కోలు మేం ఇవ్వాల్సి వస్తుంది, వేరే జెర్సీలో వచ్చినప్పుడు. భువీ పదేళ్లకు పైగా మనకి బౌలింగ్ చేశాడు. 2025కి 10.75 కోట్లకు బెంగళూరు వెళ్లి, అదే ఏడాది అక్కడ కప్పు ఎత్తాడు. ఆ సీజన్‌లో వాళ్లతో మనకున్నది ఒకటే మ్యాచ్, అదీ లక్నోలో జరిగింది. ఉప్పల్‌లో అతనికి లేచి నిలబడే అవకాశం కూడా నాకు దొరకలేదు.

ఆరెంజ్_2016
భువీ విషయంలో నేనూ లేచి నిలబడేవాడినే అన్నా. అతని మొదటి ఓవర్ మొదలయ్యే వరకు.