ఆన్‌లైన్ పోకర్ మన దగ్గర లీగలా? రూమ్మేట్ స్కిల్ గేమ్ కాబట్టి ఏం కాదంటున్నాడు

గుంటూరు_కుర్రోడు:
అన్నలూ, నాది బెంగళూరులో జాబ్. ఇక్కడ ఫ్రెండ్స్ యాప్‌లో డబ్బులు పెట్టి పోకర్ ఆడేవాళ్ళు, గుంటూరు వెళ్తే మాత్రం అదే యాప్ మీ రాష్ట్రంలో లేదు అనేది. ఇప్పుడు ఇక్కడా క్యాష్ టేబుల్స్ తీసేశారు. రూమ్మేట్ టెలిగ్రామ్‌లో ఏదో లింక్ పట్టాడు, ఫారిన్ సైటంట, లైసెన్స్ ఉందంట, సుప్రీంకోర్టే ఓకే చెప్పిందంటాడు. వాడు జీతం అందులో పొయ్యకముందే అడుగుతున్నా, నిజమేనా?

జూనియర్_లాయర్:
సుప్రీంకోర్టు చెప్పింది రమ్మీ గురించి బ్రో. 1968లో, సికింద్రాబాద్ క్లబ్బు కేసు. ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకుని, ఏది ఉంచాలో ఏది కొట్టాలో చూసుకుని ఆడాలి కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యమే, మూడు ముక్కలాట లాంటిది కాదు అన్నారు. అదే తీర్పులో, ఆట మీద క్లబ్బు లాభం చేసుకుంటే నేరం కావచ్చని కూడా ఉంది, ఆ మాట మాత్రం ఎవరూ చెప్పరు.

సరే అదంతా పాతది. తెలంగాణ 2017లో, ఏపీ 2020లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని మార్చి డబ్బులు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నీ అందులోకి లాగేశాయి, ఏపీలో ఆడినోడికి కూడా ఆరు నెలల దాకా జైలు. ఆ తర్వాత 2025 ఆగస్టులో కేంద్రం డబ్బులు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నీ ఆపేస్తూ చట్టం తెచ్చింది, అందులో స్కిల్లా లక్కా అన్న తేడానే లేదు. నడిపినోడికి 3 ఏళ్ళు, కోటి దాకా జరిమానా, యాడ్ ఇచ్చినోడికి 2 ఏళ్ళు. ఆడినోడికి కేంద్ర చట్టంలో శిక్ష లేదు, కానీ ఊరికొచ్చి ఆడితే మన రాష్ట్ర చట్టం ఉంది కదా. ఫారిన్ లైసెన్స్ ఇక్కడ చెల్లదు. హైకోర్టుల్లో పడ్డ పిటిషన్లని సుప్రీంకోర్టు తన దగ్గరికే తెప్పించుకుంది.

ఇస్పేటు_రాజు:
చట్టం సంగతి ఒప్పుకుంటా గానీ పోకర్‌ని మట్కాతో కలిపెయ్యడం అన్యాయం. ఐదు ఇస్పేట్లు కావాలి, నాలుగు వచ్చి ఆఖరి ముక్క కోసం చూస్తున్నావనుకో, కనపడని 46 ముక్కల్లో నీకు పనికొచ్చేవి 9, అంటే ఐదింట్లో ఒక ఛాన్స్ కూడా సరిగ్గా లేదు, ఎదుటోడు పాట్ (టేబుల్ మీద పోగైన డబ్బు) అంత బెట్ కొడితే పారేయాల్సిందే, ఇది లెక్క కాక ఇంకేంటి? నాగాలాండ్ అయితే స్కిల్ గేమ్స్ లిస్టులో పోకర్‌ని పెట్టి లైసెన్సులు ఇచ్చింది. 2023 అక్టోబర్ నుంచి కేంద్రం కూడా 28 శాతం జీఎస్టీ వసూలు చేసింది, తర్వాత మొత్తం మూసేసింది. కేవైసీ, డిపాజిట్ లిమిట్ ఉన్న యాప్‌లు పోయాయి, ఏ అడ్రసూ లేని సైట్లు మిగిలాయి. కంట్రోల్ చేసి ఉండాల్సింది.

బ్యాంకు_అక్క:
తమ్ముడూ, లీగలా కాదా కంటే ముందు డబ్బులు ఎటు పోతున్నాయో చూడమను. అలాంటి సైట్లు డిపాజిట్ నొక్కితే ఒక యూపీఐ ఐడీ ఇస్తాయి, అది ఎవరిదో అద్దెకిచ్చిన ఖాతా, రేపటికి మారిపోతుంది. గెలిచిన డబ్బులు కూడా అలాంటి ఇంకో ఖాతా నుంచే వస్తాయి. ఆ ఖాతాలో ఎవరో మోసపోయినోళ్ళ డబ్బు ఉండి, వాళ్ళు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారనుకో, ఆ డబ్బు ఎక్కడెక్కడికి వెళ్ళిందో అక్కడల్లా హోల్డ్ పడుద్ది. మీవాడి జీతం ఖాతా ఆగిపోతే, ఎక్కడో వేరే రాష్ట్రం స్టేషన్ చుట్టూ తిరగాల్సింది వాడే. మా కౌంటర్ దగ్గరికి ఏడుస్తూ వచ్చే పిల్లల్ని చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

గుంటూరు_కుర్రోడు:
అక్కా, నిన్న వాడు వెయ్యి రూపాయలు వెయ్యబోతుంటే ఏదో టైలర్ షాపు పేరొచ్చింది, సర్వర్ డౌన్ అయ్యి పోలేదు.

బ్యాంకు_అక్క:
అదే నేను చెప్పేది. మళ్ళీ ట్రై చెయ్యనివ్వకు, ఆ సైట్‌లో పాన్, ఆధార్ అప్‌లోడ్ చేశాడేమో ఇప్పుడే అడుగు.