ఏం తిన్నా చప్పగా ఉందంటున్నారు, జింక్ మాత్రలు వేయొచ్చా?

పెద్దకోడలు:
మా అత్తగారికి 68 ఏళ్లు. కొన్నాళ్లుగా ఏం వండినా చప్పగా ఉందంటున్నారు. పప్పుచారులో మా అందరికీ సరిపోయిన ఉప్పు ఆవిడకి ఆనదు, ఉప్పు డబ్బా పక్కనే పెట్టుకుని మళ్లీ కలుపుకుంటారు. అసలే బీపీ, అందుకే నాకు టెన్షన్. జింక్ తక్కువైతే ఇలాగే అవుతుంది, రోజూ 50 మిల్లీగ్రాముల మాత్ర వేయండి అంటున్నారు పక్కింటావిడ. వేయమంటారా?

మందులషాపు:
జింక్ తగ్గితే రుచి తగ్గడం నిజమేనండీ. లాలాజలంలో గస్టిన్ అనే ఎంజైమ్ జింక్ లేనిదే పనిచేయదు, నాలుక మీద రుచి మొగ్గల్లో పాత కణాలు పోయి సుమారు పది రోజులకి కొత్తవి వస్తుంటాయి, దానికీ జింక్ కావాలి. అలాగని రుచి పోయిన ప్రతివాళ్లకీ జింక్ లోపమే అనుకోవద్దు. ముందు ఆవిడ మాత్రల చీటీ చూడండి. బీపీ మందుల్లో కొన్నింటికి రుచి మారడం సైడ్ ఎఫెక్టే, ఒంట్లో నీరు తీసే హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్రలైతే మూత్రంలో జింక్ ఎక్కువ పోయేలా చేస్తాయి. మీ అంతట మీరు మాత్ర ఆపకండి, డాక్టర్‌కి చెప్పి మార్పించండి. ఇక 50 మిల్లీగ్రాములు నెలల తరబడి వద్దు. పెద్దవాళ్లకి రోజుకి 40 దాటకూడదంటారు, అది తిండిలో వచ్చేదీ కలుపుకుని. ఎక్కువ జింక్ రాగిని ఒంటికి పట్టనివ్వదు, దాంతో రక్తం తగ్గుతుంది, కాళ్లు తిమ్మిరెక్కి నడక తూలుతుంది.

రైతుబిడ్డ:
ఈ జింక్ కథ చాలామందికి తెలియదు, అందుకే రాస్తున్నా. జింక్ లోపం మనుషుల్లో కూడా ఉంటుందని బయటపెట్టింది మన దేశంవాడే, బీహార్‌లోని బక్సర్‌లో పుట్టిన ఆనంద ప్రసాద్. 1958లో ఇరాన్‌లోని షిరాజ్‌లో ఆయన దగ్గరికి 21 ఏళ్ల మనిషి వస్తే చూడ్డానికి పదేళ్ల పిల్లాడిలా ఉన్నాడట, తిండి చూస్తే దాదాపు రొట్టే, పైగా మట్టి తినే అలవాటు. పొట్టు తీయని గింజల్లో ఉండే ఫైటేట్ జింక్‌ని పట్టేసుకుని పేగుల్లో ఇంకనివ్వదు. మనం పొలంలో వరికి జింక్ సల్ఫేట్ చల్లుతాం, కంచంలో సంగతి మాత్రం పట్టించుకోం. పప్పులు నానబెట్టి మొలకెత్తించినా, ఇడ్లీ పిండిలా పులియబెట్టినా ఫైటేట్ తగ్గుతుంది. మాంసం తినేవాళ్లకి మటన్, పీతలు మంచివి, తినకపోతే నువ్వులు, గుమ్మడి గింజలు, శనగలు. ఐరన్ మాత్ర వేసుకుంటుంటే జింక్ దాంతో కలిపి వేయకండి.

విజయ:
ఒకటి చేసి చూడండి. కళ్లు మూయించి నాలుక మీద కాస్త ఉప్పు, తర్వాత పంచదార, తర్వాత నిమ్మరసం పెట్టండి, మధ్యమధ్యలో నోరు పుక్కిలించాలి. తర్వాత ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టండి. చాలామంది రుచి పోయిందనేది నిజానికి వాసన పోవడమే.

పెద్దకోడలు:
చేశాం. పంచదార, నిమ్మరసం వెంటనే చెప్పేశారు, ఉప్పు కాస్త ఆలస్యంగా. ఇంగువ మాత్రం ఏంటో పోల్చుకోలేకపోయారు! బీపీ మాత్రలో మీరన్న హైడ్రోక్లోరోథయజైడ్ కూడా ఉంది.

మందులషాపు:
అయితే ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి ముక్కు చూపించండి, బీపీ డాక్టర్‌కి మాత్ర సంగతీ, ఈ ఉప్పు సంగతీ రెండూ చెప్పండి. రక్తంలో జింక్ పరీక్ష రాస్తే పొద్దున్నే పరగడుపున ఇవ్వండి, జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు వద్దు, అప్పుడు లెక్క తక్కువ చూపిస్తుంది. ఈలోగా కూరలో ఉప్పు పెంచకుండా నిమ్మకాయ, మిరియాలతో సర్దండి, పులుపు ఆవిడకి బాగానే తెలుస్తోంది కదా.