కెటిల్‌బెల్లా, గదా? ఇంట్లో ఒక్కదానికే చోటుంది, తేల్చండి

కూకట్‌పల్లి కుర్రాడు:
అన్నలూ, వయసు 34, రోజంతా కుర్చీలోనే. కుడి చెయ్యి వీపు వెనక్కి పోనిస్తే భుజం పట్టేస్తోంది. డాక్టర్ చూసి దెబ్బేం లేదు, బిగుసుకుపోయింది, కదిలిస్తూ ఉండు అన్నాడు. ఫ్లాట్‌లో ఒక్క వస్తువుకే చోటు, మా ఆవిడ పర్మిషన్ కూడా ఒక్కదానికే. 16 కిలోల కెటిల్‌బెల్ (పైన పిడి ఉన్న ఇనుప గుండు) కొనాలా, 5 కిలోల గద కొనాలా? మా కొలీగ్ ఏమో 5 కిలోలతో ఏమొస్తుందిరా, పిల్లలాట అంటున్నాడు.

ఇనుప గుండు:
కెటిల్‌బెల్ తీస్కో బ్రో. రష్యావోళ్ళ గిర్యా అది, ఒకప్పుడు తూకం రాయి, వాళ్ళ లెక్కలో ఒక పూడ్ అంటే 16.38 కిలోలు, అందుకే ఇప్పటికీ 16, 24, 32 సైజులొస్తాయి. స్వింగ్, అంటే దాన్ని కాళ్ళ మధ్య నుంచి ముందుకి ఊపడం, సరిగ్గా చేస్తే పిరుదులు, తొడ వెనక కండలు, నడుము, ఊపిరి అన్నీ ఒకేసారి పనిలో పడతాయి, కూర్చుని కూర్చుని మొద్దుబారేది అవే కదా. గద తిప్పేది రీల్స్ కోసం.

వీరఘట్టం తమ్ముడు:
రీల్సా 😀 కోడి రామ్మూర్తి నాయుడు గారు పుట్టిన ఊరోడిని, ఈ మాటకి ఊరుకోను. ఆ 5 కిలోలు నీ చేతిలో ఉండవన్నా, చేతికి మీటరు అవతల ఉంటాయి. బరువు అంతే ఉంచి కర్ర పొడవు రెట్టింపు చెయ్, అదే ఊపుతో తిప్పబోతే నాలుగింతలు మొరాయిస్తుంది. ఆ కొలీగ్‌ని గద కర్ర చివర ఒంటి చేత్తో పట్టుకుని అడ్డంగా నిలబెట్టమను, చూద్దాం.

ఇనుప గుండు:
సరే ఒప్పుకున్నా. మరి కాళ్ళకేది? గామా పహిల్వాన్ అంతటోడు కూడా గద ఒక్కటే నమ్ముకోలేదు, దండాలు బస్కీలు తీశాడు.

పాత తాలింఖానా:
బాబూ, ఇద్దరూ బలం గురించి కొట్టుకుంటున్నారు, ఆ అబ్బాయి అడిగింది పట్టేసిన భుజం గురించి. దానికి ఈ రెండూ ఇప్పుడే వద్దు. చిన్న ముద్గరాల జత చాలు, చేత్తో తిప్పే చెక్క దుడ్డుకర్రలు, ఒక్కోటి కిలో, కిలోన్నర. తెల్ల సిపాయిలు మన దగ్గర చూసి పట్టుకెళ్ళిన ఇండియన్ క్లబ్బులు ఇవే, 1904లో, 1932లో ఒలింపిక్స్‌లో కూడా తిప్పే పోటీ పెట్టారు. కొనక్కర్లేదు కూడా, లీటరు పట్టే సీసాలు రెండు తీసుకుని నిండా పొడి ఇసక పోసుకో, మూత గట్టిగా టేపు వేసెయ్.

అసలు మోసం ఎక్కడంటే, భుజం తెరుచుకోనప్పుడు ఒళ్ళు దొంగదారి వెతుక్కుంటుంది, పక్కటెముకలు ముందుకి పొంగుతాయి, నడుము వెనక్కి వంగుతుంది, చెయ్యి వెనక్కి పోయిందనుకుంటాం. ఆ వంపుతోనే 5 కిలోల గద వీపు వెనక తిప్పితే భుజం బాగుపడదు సరికదా నడుం పట్టేస్తుంది. కడుపు బిగించి, అద్దానికి పక్కగా నిలబడి మెల్లగా తిప్పు, ఏ చేతికి ఆ చేతికి లెక్క పెట్టుకో. ఎక్కడైనా చురుక్కుమంటే ఆపెయ్.

డాలస్ బావ:
మాస్టారు చెప్పంది ఒకటి నేను చెప్తా, సీలింగ్ చూసుకో. గద తెచ్చిన మూడో రోజే నా ఫ్యాన్ రెక్క పోయింది, ఇప్పుడు పార్కింగ్‌లో తిప్పుతుంటే పక్కింటాయన కారు దూరంగా పెట్టుకుంటున్నాడు.

ఇనుప గుండు:
కెటిల్‌బెల్‌కి ఫ్యాన్‌తో పని లేదు, అంతే చెప్తున్నా.

కూకట్‌పల్లి కుర్రాడు:
వారం నుంచి ఇసక సీసాలే మాస్టారూ. నొప్పి కుడి వైపు కదా అనుకుంటున్నా, అద్దంలో చూస్తే నడుం ఎక్కువ వంగేది ఎడమ చెయ్యి తిప్పినప్పుడు. కెటిల్‌బెల్ ఒకటో తారీఖుకి. గద సంగతి ఫ్యాన్ ఓనర్‌గారిని అడగాలి, అంటే మా ఆవిడని.