సంప్రతి వార్తాః శ్రూయంతాం: వినమంటున్నది మనల్నేనా?

ప్రశ్న: "ఇయం ఆకాశవాణీ. సంప్రతి వార్తాః శ్రూయంతాం. ప్రవాచకః బలదేవానందసాగరః." రేడియోలో సంస్కృత వార్తల మొదట్లో వినబడే ఈ మాటలు సంస్కృతం ముక్క రానివాళ్లకు కూడా కంఠతా వచ్చు. నా సందేహం ఒక్కటే. "వినండి" అనడానికి "శృణ్వంతు" ఉండగా ఈ శ్రూయంతాం ఎందుకండీ?

జవాబు: భావం "వినండి" అనే. కానీ శృణ్వంతు అంటే కర్త శ్రోతలు, ఆజ్ఞ వాళ్ల మీదే పడుతుంది. శ్రూయంతాం కర్మణి ప్రయోగం, లోట్ లకారం (ఆజ్ఞ, ప్రార్థన తెలిపే క్రియారూపం), ప్రథమ పురుష బహువచనం. అది వార్తలతో పొసగుతుంది: "వార్తలు వినబడుగాక". వార్త ఒక్కటే అయితే "వార్తా శ్రూయతాం". ఎదుటివాణ్ణి నేరుగా "విను" అనకపోవడం సంస్కృతంలో పాత మర్యాదే. నాటకాల్లో పాత్రలు మాటిమాటికీ "శ్రూయతాం" అనుకుంటాయి. ధాతువు "శ్రు" హ్రస్వమే, య పరమైతే దీర్ఘం వస్తుంది. కాబట్టి "శ్రుయంతాం" తప్పు. "శ్రోయంతాం" అని రాసేవాళ్లకు ఓ నమస్కారం!

ఇంకొకరు: మరి "ఇయమాకాశవాణీ" అని సంధి చేయాలిగా మాస్టారూ? "వార్తాశ్శ్రూయంతాం" అని కూడా అనొచ్చు కదా?

జవాబు: అనొచ్చు. రెండోచోట విసర్గను ఉంచినా ఒప్పే, శకారం చేసినా ఒప్పే. నాకు అసలు ఆసక్తి ఇక్కడే. ఢిల్లీ నుంచి సంస్కృత వార్తలు మొదలైంది 1974 జూన్ 30న. మైసూరులో "సుధర్మ" అనే సంస్కృత దినపత్రిక 1970 నుంచే ఉంది. అయితే పత్రికలో సమాసం కొరుకుడు పడకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటాం. రేడియోలో ఆ వీలు లేదు, మాట చెవిన పడేది ఒక్కసారే. ఉన్నది ఐదు నిమిషాలు. అందుకే పదాలు విడివిడిగా, విసర్గ విసర్గగా వినబడాలి. వ్యాకరణం ఇచ్చిన వెసులుబాటును చెవి కోసం వాడుకున్నారంటాను నేను. మనవాళ్లు "వార్తాహా" అని సాగదీసి అనుకరించేది కూడా ఆ విసర్గ అంత స్పష్టంగా వినబట్టే. అన్నట్టు, తెలుగులోకి వచ్చేసరికి "వాణీ" కాస్తా "వాణి" అవుతుంది, నదీ నది అయినట్టు.

ఇంకొకరు: చదివేది ఆవిడైతే "ప్రవాచికా" అంటారు. మన తెలుగు వార్తల్లో మాత్రం మగాయనకు కూడా "వార్తలు చదువుతున్నది" అనే. ఇదేం న్యాయం?

జవాబు: అది స్త్రీలింగం కాదండీ. "ఈ పని చేసింది నేనే", "వచ్చింది మామయ్యేనా?" అంటాం చూడండి, అదే వాక్యం. ఎవరన్నది నొక్కి చెప్పేటప్పుడు క్రియ లింగవచనాలు పట్టించుకోదు. ఇద్దరు చదివినా "చదువుతున్నది" అనే అనాలి. "చదువుతున్నవారు" అని దిద్దితే తప్పు కాదు గానీ, కొట్టొచ్చినట్టు ముందుకు రావలసిన పేరు కాస్త వెనకబడుతుంది.