హెచ్‌ఐసీసీలో ఫ్యాషన్ షోకి గద్వాల్ చీర: హీల్స్, సీటు, ఫోటోల సంగతి చెప్పండి

ప్రశ్న
శనివారం రాత్రి మాదాపూర్‌లోని హెచ్‌ఐసీసీ కన్వెన్షన్ సెంటర్‌లో ఫ్యాషన్ షోకి పాసు ఉంది. అమ్మ గద్వాల్ చీర కట్టుకుంటాను. బాడీ నూలు, అంచూ కొంగూ పట్టు. గంజి వల్ల నడుం దగ్గర బాగా ఉబ్బుతోంది. ఎలాంటి హీల్స్ వేసుకోవాలి? ర్యాంపు ఫోటోలు ఫోన్‌తో బాగా వస్తాయా? దిల్‌సుఖ్‌నగర్ నుంచి రావాలి.

జవాబు 1
గంజి పోతుందని చీరని మాత్రం నానబెట్టకండి. అంచు రంగు నూలులోకి దిగితే మళ్ళీ పోదు. నడుం చుట్టూ వచ్చే భాగం మీద పల్చటి తడిగుడ్డ పరిచి, వెనకవైపు నుంచి ఇస్త్రీ చేయండి, మెత్తబడుతుంది. కుచ్చిళ్ళు ముందురోజే పెట్టి, ఇస్త్రీ చేసి, బట్టల క్లిప్పులు పెట్టేయండి. అయిదంగుళాల వెడల్పుతో ఆరేడు చాలు, అంతకు మించితే పొట్ట దగ్గర మూటలా లేస్తుంది. లంగా నూలుదే వేసుకోండి. శాటిన్ మీద చీర జారిపోతుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూసుకోవాల్సింది పిన్నీసు. గద్వాల్‌లో బాడీ, అంచు కలిసేచోట నూలుపోగునీ పట్టుపోగునీ ఒకదానిలో ఒకటి మెలేసి నేస్తారు. సరిగ్గా ఆ గీత మీద పిన్ను గుచ్చి, కూర్చున్నప్పుడు కొంగు లాగితే అక్కడ పోగులు విడిపోయి కన్నం పడుతుంది. అందుకే గీతకి రెండంగుళాలు ఇవతల, పిన్నుకి ఒక చిన్న పూస ఎక్కించి గుచ్చండి. అత్తరు, సెంటు కట్టుకోకముందే మణికట్టుకి రాసుకోండి. జరీ మీద పడితే నల్లబడుతుంది.

జవాబు 2
హీల్స్ వేసుకున్నాకే చీర కట్టండి. ముందు కట్టి తర్వాత వేసుకుంటే చీర కింద రెండంగుళాలు పైకి లేచి పాదాలు కనిపిస్తాయి. బ్లాక్ హీల్, అంటే దిమ్మలా వెడల్పుగా ఉండే మడమది, రెండంగుళాలది చాలు. పచ్చిక మీద ఫోటోలు దిగాలంటే సన్న హీల్ మట్టిలో దిగబడుతుంది. హాల్లో ఏసీ గట్టిగా ఉంటుంది, పల్చటి శాలువా ఉంచుకోండి.

ముందు వరస సాధారణంగా మీడియాకీ, ఆహ్వానితులకీ ఉంచుతారు. మీకు రెండో, మూడో వరస దొరికినా దిగులు లేదు. ర్యాంపు చివర, ఫోటోగ్రాఫర్లు ఉన్న వైపు కూర్చోండి. మోడళ్ళు ఆగి తిరిగేది అక్కడే, నేత పని స్పష్టంగా కనిపించేదీ అక్కడే. కాళ్ళూ బ్యాగూ మాత్రం ర్యాంపు వైపు చాచొద్దు, ఫోటోగ్రాఫర్ల ఫ్రేముల్లో పడతాయి.

జవాబు 3
ఫోన్ ఫ్లాష్ ఆపేయండి. దాని వెలుగు కొన్ని అడుగులే పోతుంది, మీ ముందువాళ్ళ తలలే తెల్లగా వస్తాయి. మోడల్ ముఖం మీద వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ (ఫోటో వెలుతురు) లాక్ చేసి, పక్కన వచ్చే వెలుతురు గుర్తుని కాస్త కిందికి జరపండి. లేకపోతే స్పాట్‌లైట్ కింద తెల్ల బట్టల అల్లిక కాలిపోయినట్టు వస్తుంది. నడుస్తుండగా కాక, ఆగిన ఆ ఒకటి రెండు సెకన్లలో తీయండి. కెమెరాలో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునేది) ఉంటే షటర్ వేగం సెకనులో 1/250 వంతు పెట్టండి. ఫోటోలో అడ్డపట్టీలు కనిపిస్తే 1/100కి దించండి: మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో కొన్ని లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతాయి.

జవాబు 4
దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రో రెడ్ లైన్‌లో అమీర్‌పేట, అక్కడ బ్లూ లైన్ మారి హైటెక్ సిటీ, దిగి ఆటో. తిరుగు ప్రయాణానికి మెట్రోని నమ్ముకోకండి, షో ఆలస్యం కావచ్చు. ముగియగానే అందరూ ఒకేసారి క్యాబ్ బుక్ చేస్తారు కాబట్టి చివర్లో మోడళ్ళందరూ కలిసి నడవడం మొదలైనప్పుడే మీరు బుక్ చేసేయండి.