అప్‌డేట్: చాట్‌బాట్ జవాబు ముద్దగా వచ్చిపడే సమస్య తీరింది (దాదాపు)

క్రితంసారి అడిగింది ఇదీ: చాట్‌బాట్ సర్వర్ ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌ని రివర్స్ ప్రాక్సీగా (బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్యవర్తిగా) పెట్టాక జవాబు పదం పదంగా రావట్లేదు. చాలాసేపు ఉలుకూ పలుకూ ఉండదు, ఆఖర్న మొత్తం ఒక్కసారే వచ్చిపడుతుంది. పెద్ద ప్రశ్నలకైతే నేరుగా 504 ఎర్రర్ (గడువులోగా వెనక సర్వర్ నుంచి జవాబు రాలేదని).

బఫరింగ్ చూడమన్న అన్న చెప్పిందే నిజం. వెనక సర్వర్ ఇచ్చేదాన్ని ఎన్‌జిన్‌ఎక్స్ ముందు తన దగ్గర పోగేసుకుంటుంది. మామూలు పేజీలకు అది మంచిదే, స్ట్రీమింగ్‌కే తంటా. సైట్ మొత్తానికి ఆపెయ్యడం ఇష్టంలేక, ఒక్క చాట్ జవాబులోనే 'ఎక్స్-యాక్సెల్-బఫరింగ్: నో' హెడర్ (జవాబుతో పాటు వెళ్లే సూచన) పెట్టాను. ఇప్పుడు పదాలు టకటకా వస్తున్నాయి.

504 వేరే కథ. ప్రాక్సీ రీడ్ టైమౌట్ (వెనక సర్వర్ నుంచి డేటా కోసం ఎన్‌జిన్‌ఎక్స్ ఆగే గడువు) డిఫాల్ట్‌గా 60 సెకన్లు. అది మొత్తం జవాబుకి కాదు, రెండు రీడ్‌ల మధ్య ఖాళీకి. మోడల్ ఆలోచిస్తూ కూర్చుంటే గడువు దాటిపోయేది. టైమౌట్ పెంచమన్నారు కానీ నాకది నచ్చలేదు. మధ్యమధ్యలో కోలన్‌తో మొదలయ్యే లైన్ ఒకటి పంపుతున్నాను. ఎస్‌ఎస్‌ఈలో (సర్వర్ బ్రౌజర్‌కి డేటాని విడతలుగా పంపే పద్ధతి) అది కామెంట్ కింద లెక్క, బ్రౌజర్ పట్టించుకోదు. ప్రాక్సీకి మాత్రం డేటా వచ్చినట్టే.

ఒక క్లయింట్ ఆఫీసు నెట్‌వర్క్‌లో మాత్రం ఇంకా ముద్దగానే వస్తోంది. అక్కడి ప్రాక్సీ మన చేతిలో లేదు. దారి తెలిసినవాళ్లుంటే చెప్పండి.